ఇద్దరు స్టెప్నీలు, ఒక సిగ్నల్‌మ్యాన్

అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ పడుతున్న ఇద్దరు పెద్దమనుషుల వాదనను మా విల్లాలో పద్నాలుగు మందిమి కూర్చుని చూశామంటే, అది రాజకీయ చైతన్యం కాదు. రిమోట్ పోయింది, అంతే.

పోయిందని కూడా అనకూడదు. క్రికెట్ కావాలనేవాళ్ళూ సినిమాలు కావాలనేవాళ్ళూ దాని కోసం రోజూ కొట్టుకుంటుంటే మా బస బాగోగులు చూసే క్యాంప్ బాస్ విసిగిపోయి, రిమోట్‌ను చొక్కా జేబులో వేసుకుని అదే చొక్కాతో సెలవు మీద ఊరికి విమానం ఎక్కేశాడు. వెళ్ళేముందు ఆయన చూస్తున్నది ఒక ఇంగ్లీషు వార్తల ఛానల్. టీవీ పక్కనున్న బటన్లలో ఛానల్ మార్చేది ఎప్పుడో లోపలికి కుంగిపోయింది. సౌండ్ బటన్ ఒక్కటే పనిచేసేది. అలా రెండు నెలల పాటు ప్రపంచంలో ఎక్కడ ఏం తగలబడినా ముందు మాకే తెలిసేది.

విల్లా అంటే ఎవరూ అసూయ పడనక్కరలేదు. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఏ కుటుంబమో ఖాళీ చేసిన పాత ఇల్లు అది. పిల్లల గది గోడ మీద ఇంకా ఏనుగు బొమ్మ ఉండేది, దాని కింద నలుగురు రిగ్గర్లు పడుకునేవాళ్ళు. మా కంపెనీ క్రేన్లు అద్దెకిచ్చేది. క్రేన్‌తో పాటు దాన్ని నడిపే ఆపరేటర్, లోడ్ కట్టే రిగ్గర్లు, కింద నిలబడి చేతులతో సైగ చేసే సిగ్నల్‌మ్యాన్ కూడా వెళ్ళేవారు. ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన రోజులవి. స్టేడియాలు పెద్ద కంపెనీలు పంచుకున్నాయి. ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళు దిగడానికని మెసైమీర్‌లో కడుతున్న అపార్టుమెంట్లు మా వాటాకి వచ్చాయి. నేనక్కడ సేఫ్టీ క్లర్కుని. పొద్దున్నే అందరి చేత ‘ప్రమాదాల గురించి నాకు చెప్పారు’ అన్న కాగితం మీద సంతకాలు పెట్టించడం నా పని. చెప్పింది ఎంతమందికి అర్థమైందో తెలియదు గానీ సంతకాలు మాత్రం ఒక్కటీ తప్పిపోయేవి కావు.

అసలు వాదన జరిగింది మేము తెల్లవారుజామున డ్యూటీ బస్సులో కిటికీలకి తలలు కొట్టుకుంటూ నిద్రపోతున్నప్పుడు. శుక్రవారం పొద్దున మళ్ళీ వేశారు. శుక్రవారం మాకు సెలవు. బట్టలు ఉతికి ఆరేసి, మటన్ ఉడికేదాకా ఏమీ తోచని ఆ గంటన్నరలో మా ముందుకొచ్చారు ఆ ఇద్దరూ. ఒకే బల్లకి అటొకరు ఇటొకరు, నెరిసిన జుట్టు, ముదురు రంగు కోట్లు. ప్రశ్నలడగడానికి ఒకామె.

“వీళ్ళెవల్రా?” అన్నారెవరో వెనక నుంచి.

“అమెరికాకి పెద్దాయనొకడు ఉంటడు గదా. ఆయనకేమన్న అయితే ఆ కుర్చీ ఎక్కెటోళ్ళు,” అన్నాను.

“ఏం గాకపోతే?”

“నాలుగేండ్లు నిలబడి చప్పట్లు కొడ్తరు.”

మా క్రేన్ ఆపరేటర్ సర్దార్జీకి తెలుగు రాదు గానీ ఎవరి భాషలో మాట్లాడినా అర్థం చేసుకునేవాడు. టీవీ వైపు చూసి, గడ్డం దువ్వుకుంటూ, “అచ్ఛా, స్టెప్నీ హై,” అన్నాడు. అప్పటినుంచి వాళ్ళిద్దరూ మాకు స్టెప్నీలే. ఎడమ స్టెప్నీ, కుడి స్టెప్నీ. టైరు పేలకపోతే ఎవరికీ గుర్తురాని ఉద్యోగం కోసం ఇద్దరూ అంత కోపంగా పోట్లాడుకోవడం మాకు మొదట్లో అర్థం కాలేదు.

విల్లాలో నా అసలు హోదా దుబాసీ. ఇంటర్ ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసిన అనుభవం అక్కడ ఇంకెవరికీ లేదు. కాబట్టి టీవీ పక్కన నిలబడి, వాళ్ళు ఏమంటున్నారో తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకి నాకు రానిదే ఎక్కువగా ఉందని అర్థమై, సొంతంగా చెప్పడంలోకి దిగాను.

“ఎడమాయన అంటుండు, మేం గెలిస్తే గదికొక కొత్త ఏసీ. కుడాయన అంటుండు, పాత ఏసీ నీళ్ళు కారి పరుపులు తడుస్తుంటే అప్పుడు నువ్వెక్కడున్నవ్? ఎడమాయన అంటుండు, నా మాటకి అడ్డం రాకు. కుడాయన తల ఊపుతుండు చూడుండ్రి, అంటే బిర్యానీల ముక్కలు లేవన్నట్టు.”

నవ్వుతున్నారు. నేను ఇంకా రెచ్చిపోయేవాడినే. ముందు వరసలో బోర్లించిన పెయింటు బకెట్ మీద కూర్చున్న కాక చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“బంద్ చెయ్‌రా నీ లొల్లి. అన్నీ అబద్ధాలు. వాళ్ళు ఏమంటున్నరో నేను జెప్త.”

కాక నాకు చుట్టం కాదు. జగిత్యాల దిక్కు మా ఊరికీ ఆయన ఊరికీ నడుమ ఒక వాగు, అంతే. గల్ఫ్‌లో ఆ మాత్రం దగ్గరితనానికి బాబాయి వరస కలుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఎడారిలో ఉన్నాడు. మొదటి పదేళ్ళు రాయి పగలగొట్టే డ్రిల్లు మిషన్ మీద, తర్వాత క్రేన్ కింద సిగ్నల్‌మ్యాన్‌గా. తక్కువ మాట్లాడేవాడు. ఎదుటివాడు చెబుతుంటే ముఖంలోకి చూస్తూ, కన్ను ఆర్పకుండా, చివరిదాకా వినేవాడు. అంత శ్రద్ధగా వినే మనిషి విల్లాలో ఇంకొకరు లేరు కాబట్టి అందరూ తమ బాధలు ఆయనకే చెప్పుకునేవారు. నేనూ ఒకసారి చెప్పుకున్నాను. పెళ్ళి కుదిరిన అమ్మాయి గురించి, నాతో కాదు, వేరేవాడితో కుదిరిన అమ్మాయి గురించి. కాక అంతా విని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఒక్క సలహా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే నాకు నచ్చింది.

ఆ కాక ఇప్పుడు టీవీ వైపు వేలు చూపించి తీర్పు చెప్పడం మొదలుపెట్టాడు.

“ఎడమ దిక్కోని చెయ్యి జూడుండ్రి. చూపుడు వేలు మీదికి లేపి చక్రం తిప్పుతుండు. అంటే లోడ్ లేపు, లేపు అంటుండు. ఆఁ... గిప్పుడు బొటనవేలు కిందికి. బూమ్ దించు, క్రేన్ చెయ్యి కిందికి అంటుండు. ఒరేయ్, లోడ్ గాలిల ఉండంగ బూమ్ దించుడేందిరా? మనుషులు సావరా?”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సర్దార్జీ మంచం మీద నుంచి జారి కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ సైగలు ఆయనకి కదా బాగా తెలిసినవి. రోజుకి పది గంటలు కాక చేతులు చూసి క్రేన్ నడిపే మనిషి.

“మరి కుడాయన?” అన్నాను.

“ఈడు మంచోడు. గదో, రెండు చేతులు కలిపి కడుపు ముందట వట్టుకున్నడు. అంటే ఏంది? అన్నీ ఎక్కడియక్కడ ఆపి పెట్టు, నేను జెప్పేదాక ముట్టకు అన్నట్టు. సిగ్నల్ సాఫ్ ఉంది.”

“నడిమిట్ల ఆ మేడమ్?”

“ఆమె సైట్ ఇంజినీర్. చెప్పుతనే ఉంటది, ఎవ్వడు ఇనడు.”

“ఓటు ఎవనికి కాకా?”

“కుడి దిక్కోనికే. ఒకటే చెయ్యి వాడుతడు. ఎడమ దిక్కోడు రెండు చేతులు ఒక్కసారే ఆడిస్తడు, పైనున్న ఆపరేటర్ పరేషాన్ అయితడు. గసోంటోన్ని క్రేన్ కింద నిలవెడ్తే నేను హెల్మెట్ తీసి ఇంటికి వోత.”

ఆ గంటలో మా హాల్లో నవ్వినంత నవ్వు నేను ఖతార్‌లో ఉన్న ఆరేళ్ళలో మళ్ళీ వినలేదు. కాక ముఖం వెలిగిపోయింది. ఎప్పుడూ వినేవాడే తప్ప చెప్పేవాడు కాదు కదా, మొదటిసారి తన మాట కోసం పదమూడు మంది మెడలు చాచారు.

నా పాడు బుద్ధి అక్కడితో ఆగితే బాగుండేది.

ఆ ఛానల్‌కి చూపించడానికి ఇంకేమీ లేదేమో, మధ్యాహ్నం మళ్ళీ అదే వేసింది. అప్పటికి మా సేఫ్టీ సారు వచ్చాడు. రాజమండ్రి దగ్గరి మనిషి, ఇంజినీరింగ్ చదివినవాడు, ఊళ్ళోనే అల్ హిలాల్‌లో కుటుంబంతో ఉండేవాడు. భార్య పురిటికి ఊరెళ్ళడంతో శుక్రవారాలు మా వంటవాడి మటన్‌కి వచ్చేవాడు. నాకు పైఅధికారి. పైఅధికారి ముందు ఒక మంచి ఆట ఆడించి మార్కులు కొట్టేయాలని నాకు అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

“సార్, కూర్చోండి. అమెరికా రాజకీయం మా కాక విడమరచి చెప్తడు,” అని కుర్చీ వేశాను. కాక మాటలు అందరికీ బాగా వినపడాలని, ఆయన చేతులు కడుక్కుని వచ్చేలోపు టీవీ దగ్గరికెళ్ళి సౌండ్ బటన్ నొక్కి నొక్కి సున్నాకి దించాను. వెనక్కి వచ్చి సారు పక్కన నిలబడ్డాను.

కాక మొదలుపెట్టాడు. పొద్దున కన్నా బాగా చెప్పాడు. ఎడమ స్టెప్నీ లోడ్‌ను ఎడమకి తిప్పమంటున్నాడని, కుడి స్టెప్నీ మెల్లగా, మెల్లగా అంటున్నాడని. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వాడు. నేను వెనక నుంచి అరిచాను, “కాకా, ఇప్పుడేమంటుండు?”

కాక పలకలేదు. మళ్ళీ అరిచాను. పక్కనున్నవాడు భుజం తట్టి వెనక్కి చూపించాడు. కాక తిరిగాడు. నవ్వుతున్న పది ముఖాల వెనక నా పెదాలు ఆడటం చూశాడు. ఒకసారి టీవీ వైపు చూశాడు. అక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చిన్నగా విసుక్కుని నాతో అన్నాడు:

“ఆ టీవీ సౌండ్ జర తగ్గియ్యిరా. నీ మాట ఇనబడ్తలేదు.”

హాలు పగిలిపోయేలా నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. “ఇంకా తగ్గిస్తే టీవీ మన మాటలు వినుడు షురూ చేస్తది కాకా!” అన్నాను. ఎంత గొప్ప జోకు వేశాడు మా కాక అనే అనుకున్నాను. ఆయన కూడా నవ్వాడు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి నవ్వాడు.

సారు నవ్వలేదు. ప్లేటు కింద పెట్టి లేచి, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి కాక వెనక నిలబడ్డాడు. మామూలు గొంతుతో, పక్కింటివాడిని ఉప్పు అడిగినంత మామూలుగా అన్నాడు:

“పెద్దాయనా, మీ బకెట్ పక్కన తేలుందండీ. కదలకండి.”

నేల మీద కూర్చున్నవాళ్ళు మంచాల మీదికి ఎగిరారు. మంచాల మీదున్నవాళ్ళు కాళ్ళు పైకి లాక్కున్నారు. కాక ఒక్కడు బకెట్ మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, టీవీ వైపు చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. ఒక క్షణం గడిచింది. పక్కకి చూశాడు. అందరి కాళ్ళూ గాల్లో ఉన్నాయి. ఇదేదో ఆట అనుకుని తనూ కాళ్ళు పైకెత్తి నవ్వాడు.

బకెట్ పక్కన తేలేమీ లేదు. సర్దార్జీ లేచి, తన ప్లేటు అలాగే వదిలేసి, బయటికి వెళ్ళిపోయాడు. టీవీలో ఇద్దరూ ఇంకా నోళ్ళు ఆడిస్తున్నారు. వాళ్ళు నిజంగా ఏమన్నారో నాకు ఈరోజుకీ తెలియదు.

సాయంత్రం సర్దార్జీ నన్ను నీళ్ళ ట్యాంకు పక్కకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. కాకకి వినపడదని మూడేళ్ళుగా నాకు తెలుసు, అన్నాడు హిందీలో. కాక ఒకరోజు తనే వచ్చి చెప్పాడట. ఆరోజు నుంచి వాళ్ళిద్దరూ వాకీటాకీ వాడటం మానేశారట. కాక చేతులు ఆగితే క్రేన్ ఆగాలి, కాక కనపడకపోతే క్రేన్ ఆగాలి, ఇదీ వాళ్ళ ఒప్పందం. “ఏక్ ఈంట్ నహీ గిరీ,” అన్నాడు. మూడేళ్ళలో ఒక్క ఇటుక పడలేదు. అంతే, లోపలికి వెళ్ళిపోయాడు.

వాకీటాకీలు రాసి ఇచ్చేది నేనే. కాక పేరు ఎదురుగా ‘బ్యాటరీ లేదు’ అని మూడేళ్ళు నా చేత్తోనే రాశాను. ఇంత బ్యాటరీ తినే మనిషి ఇంకొకడు లేడని జోకులు కూడా వేశాను.

మర్నాడు సారు ఆఫీసు కంటైనర్‌లోకి పిలిచాడు. కాక కార్డు వచ్చే నెలలో రెన్యువల్‌కి ఉంది. సిగ్నల్‌మ్యాన్ కార్డు లేనిదే క్రేన్ కింద నిలబడనివ్వరు. దానికి ముందు చెవుల పరీక్ష చేయించాలి.

“సార్, ఆయన జోకేశాడు సార్,” అన్నాను.

“జోకులు నువ్వేస్తావు. ఆయనెప్పుడైనా వేశాడా?” అన్నాడు సారు. కాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపాడు. “చూడనట్టు ఉండలేనయ్యా. వెనక నుంచి లారీ వచ్చి హారన్ కొడితే? పైన వైరు తెగి ఎవడైనా అరిస్తే? ఆయనకి ఏమవుతుందో ఒకటి, కింద ఉన్నవాళ్ళకి ఏమవుతుందో ఇంకొకటి. నాకూ బాగోలేదు. మటన్ కూడా సయించలేదు నిన్న. బుధవారం క్లినిక్‌కి తీసుకెళ్ళు. నీకు ఆయన భాష వచ్చు.”

మంగళవారం డ్యూటీ దిగాక కాక డాబా మీద బట్టలు తీస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఇప్పుడు తెలుసు కాబట్టి ఎక్కడ నిలబడాలో కూడా తెలుసు. ఆయన నా ముఖం చూసి, “చెప్పకు, సర్దార్జీ చెప్పిండు,” అన్నాడు.

“ఎప్పటి సంది కాకా?”

“డ్రిల్లు మిషన్ సంది. మొదలు గుయ్యిమనేది. తర్వాత గుయ్యిమనుడు గూడ బందయింది.”

“చిన్నమ్మకు ఎరుకేనా?”

“వీడియోల పెదాలు జూసి మాట్లాడుత. ఎప్పుడన్న అర్థం గాకపోతే దుబాయ్‌ల నెట్ మంచిగుండది అంట. ఆమెకు ఖతార్ గూడ దుబాయే గదా, నమ్ముతది.” మడతపెట్టిన లుంగీని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. “బిడ్డ కరీంనగర్‌ల నర్సు చదువుతుంది. ఇంక రెండేండ్లు. ఆ రెండేండ్లు చాలు నాకు. తర్వాత వాళ్ళు పంపినా పంపకపోయినా నేనే వోత.”

“కార్డు రాకపోతే వేరే పని ఇస్తరేమో కాకా. స్టోర్ల, యార్డుల...”

“చెవిటోనికి ఏం పని ఇస్తర్రా? చీపురు ఇస్తరు, లేకపోతే టికెట్ ఇస్తరు.” లుంగీ పక్కన పెట్టాడు. “ఊరికి వోతే నన్ను చెవిటోడు అంటరు. ఈడ సిగ్నల్‌మ్యాన్ అంటరు. గంతే ఫరక్.”

దానికి నా దగ్గర జోకు లేదు. జోకు లేకపోతే నోరు ఎలా మూసుకోవాలో కూడా నాకు తెలియదు. “కాకా, ఆ రోజు నేను సౌండ్...” అని మొదలుపెట్టాను.

“గది విడిచిపెట్టు. రేపటి ముచ్చట చెప్త ఇను,” అని దగ్గరికి జరిగాడు. ఆ పరీక్ష ఆయనకి తెలుసు, పోయినసారి కార్డు అప్పుడు కూడా చేశారు. అప్పటికి ఎడమ చెవి కొంత పనిచేసేది, ఎలాగో గట్టెక్కాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెడతారు. శబ్దం వచ్చినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. శబ్దం పంపే మిషన్ అద్దానికి ఇవతల ఉంటుంది. పంపినప్పుడల్లా దాని మీద చిన్న దీపం వెలుగుతుంది. “నువ్వు మాట చెప్పెటోనివి, నిన్ను మిషన్ పక్కకే కూసోవెడ్తరు. దీపం వెలిగినప్పుడు ముక్కు ముట్టుకో. జలుబు జేసినోని లెక్క. నేను నీ ముక్కునే జూస్త.”

“సరే కాకా,” అన్నాను. వెంటనే అన్నాను. నేను పడేసిన మనిషిని లేపడానికి ఇంత సులువైన దారి దొరికినందుకు ఆ సాయంత్రం హాయిగా అనిపించింది కూడా. అద్దం ముందు నిలబడి ముక్కు ముట్టుకోవడం రెండుసార్లు చేసి చూసుకున్నాను. మనిషి జీవితం నా ముక్కు మీద ఆధారపడటం అదే మొదటిసారి, దానికి అంత అందం కూడా లేదు అనుకున్నాను.

క్లినిక్‌లో అన్నీ కాక చెప్పినట్టే ఉన్నాయి. ఫిలిప్పీన్స్ నర్సమ్మ నన్ను మిషన్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. అద్దం అవతల కాక, ఇస్త్రీ చేసిన చొక్కాతో, హెడ్‌ఫోన్ పెట్టుకుని, బటన్ మీద బొటనవేలు ఆనించి, నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను నా బాధ చెప్పుకున్న రోజు ఎలా చూశాడో అచ్చం అలాగే. ఆ రోజు నా మాటల్లో సగమైనా ఆయనకి అందాయో లేదో. భుజం మీద చెయ్యి మాత్రం సరైన సమయానికే పడింది.

దీపం వెలిగింది. ముక్కు ముట్టుకున్నాను. కాక నొక్కాడు. నర్సమ్మ కాగితం మీద గుర్తు పెట్టింది.

మళ్ళీ వెలిగింది. ముట్టుకున్నాను. నొక్కాడు.

మూడోసారి. నొక్కాడు. ఆయన పెదవుల చివర చిన్న నవ్వు కనపడింది, వాదన చూస్తున్నప్పటి నవ్వు లాంటిదే.

ఆ నవ్వు చూసినప్పుడు నాకు లోకకల్యాణం గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. రోజూ పొద్దున పది గంటలకి హాజరు రిజిస్టరు పట్టుకుని నేను ఆ క్రేన్ కొక్కెం కింద నుంచే బ్లాకులోకి నడిచి వెళ్తాను. అది గుర్తొచ్చింది. ఇటుకల కట్ట పైన ఊగుతుంటే ఎన్నిసార్లు తలెత్తకుండా వెళ్ళానో గుర్తొచ్చింది. అక్కడ కాక ఉన్నాడులే అని వెళ్ళేవాడిని. పైన వైరు కిర్రుమంటే విని ఎవరో ఒకరు అరుస్తారులే అని వెళ్ళేవాడిని. నాతో పాటు రోజూ నలభై మంది అలాగే వెళ్ళేవారు. సర్దార్జీ కళ్ళు మంచివే. కానీ ఆయనకి ఒకరోజు జ్వరం వచ్చి వేరే ఆపరేటర్ ఎక్కితే?

దీపం వెలిగింది.

నా చెయ్యి తొడ మీద ఉంది. అక్కడే ఉంది. కాక చూపు నా ముక్కు మీద నుంచి కళ్ళ మీదికి వచ్చింది. నర్సమ్మ ఏదో తిప్పింది. మళ్ళీ వెలిగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. తల దించుకున్నా బాగుండేది, దించుకోలేదు. దించుకుంటే దీపం చూడలేదని ఆయన అనుకునే వీలుంటుంది. నాకు ఆ వీలు దక్కకూడదనిపించిందో, లేక కదలడానికే భయమేసిందో ఇప్పుడు చెప్పలేను. అలా చాలాసార్లు వెలిగింది. కాక బొటనవేలు బటన్ మీద అలాగే ఆగి ఉంది. ఒకసారి ఊరికే నొక్కాడు, దీపం వెలగనప్పుడు. నర్సమ్మ నన్ను అడిగింది, ఆయనకి ఎలా నొక్కాలో అర్థమైందా అని. అర్థమైందని చెప్పాను.

కాగితం అప్పుడే ఇచ్చేసింది. కింద ఎర్ర సిరాతో ఒక ముద్ర. కాక దాన్ని చదవలేదు, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

కంపెనీ బండి రావడానికి ఇంకా టైముంది. మందుల షాపు ముందు నీడలో నిలబడ్డాం. రోడ్డుకి అవతల ఏదో పెద్ద గుంత తవ్వుతున్నారు, కొత్త మెట్రో అనుకుంటాను. నేను యాలకులేసిన కరక్ టీ రెండు కప్పులు తెచ్చాను. ఒకటి తీసుకున్నాడు. తాగాడు కూడా. కప్పు చెత్తబుట్టలో వేసి వచ్చి, నా వైపు చూడకుండా అన్నాడు:

“మూడే ముట్టుకున్నవ్.”

కోపం లేదు గొంతులో. రిజిస్టరులో తప్పు కనపడితే నేను అడిగినట్టు అడిగాడు.

“నేను గూడ ఆ క్రేన్ కిందికెల్లే నడుస్త కాకా,” అన్నాను.

ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. వినపడలేదు. మళ్ళీ చెప్పాలంటే రెండడుగులు వేసి ఆయన ముందుకెళ్ళి నిలబడాలి. బండి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను, ఆయన పక్కనే, ఆ రెండడుగులూ వేయకుండా.